చెర్రీ గింజల దారి

అందోన్ రిటైరై ఇంటికి వచ్చిన రోజు మొట్టమొదట చేసిన పని పారను గోడకెక్కించడం. నేను చూశాను. మా వంటింటి కిటికీ సరిగ్గా వాళ్ళ గేటుకు ఎదురుగా ఉంటుంది. చూడకుండా ఉండాలంటే కళ్ళు మూసుకుని గిన్నెలు తోముకోవాలి. రైల్వే టోపీ తీసి గేటు స్తంభం మీద పెట్టాడు. జేబులోంచి బెత్తెడు మేకు తీసి కొట్టం గోడకు మనిషెత్తున దిగ్గొట్టాడు. దానికి పారను తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి, పెళ్ళి ఫొటో తగిలించినవాడిలా తల పక్కకు వంచి చూసుకున్నాడు.

"ఏందయ్యా అందోన్, పారకు ఉరేశావా?" అని కిటికీలోంచి అరిచాను.

"అది కూడా రిటైరయింది అక్కా, నాతో పాటే. ఇయ్యాల్టి నుంచి మంచు పడుద్ది, నేను చూస్తా. అంతే."

ఆ మాట అనే హక్కు అతనికి ఉందనే అప్పుడు అనుకున్నాను. మా రజ్లోగ్ ఊరి నుంచి కొండమీదికి పోయే చిన్న రైలు ఉంది కదా, ఆ లైన్లో కనుమ దగ్గరి స్టేషన్లో అతను పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ముప్ఫై నాలుగు చలికాలాలు చేశాడు. అక్కడ నడుము లోతు మంచు పడుతుంది. రెండు పట్టాలు కలిసే సందులో పిడికెడు మంచు గట్టిపడినా పాయింటు కదలదు, రైలు పోవలసిన దారిన పోదు. అందుకని తెల్లవారుజామునే లేచి ఆ సందులన్నీ తవ్వేవాడు, గడ్డలు కొట్టేవాడు, పొయ్యి బూడిద చల్లేవాడు. ఇన్నేళ్ళలో అతని పాయింటు మీద ఒక్క బండి కూడా ఆగలేదు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే, "పెళ్ళికూతురు ఆరూ నలభై బండికి వస్తానంది, అప్పుడు నేను డ్యూటీలో ఉన్నా" అనేవాడు.

కానీ మా ఊళ్ళో ఎవరి కంచె ముందున్న కాలిబాట వాళ్ళదే. జనం నడవడం మొదలుపెట్టేలోపు దాని మీది మంచు తీసెయ్యాలి, గడ్డకడితే ఏదో ఒకటి చల్లాలి. మునిసిపాలిటీ యంత్రం రోడ్డు మధ్యన మాత్రమే తిరుగుతుంది. తిరిగి, ఆ మంచంతా తెచ్చి మన కాలిబాట మీదే కుప్ప పోసి పోతుంది. అది వేరే సంగతి. రిటైరైన మొదటి చలికాలం అందోన్ ఆ పని ముట్టుకోలేదు. అందరూ తవ్వుకుంటూ ఉంటే కాఫీ కప్పుతో కిటికీలో కూర్చునేవాడు.

"మంచు దేవుడిది, కాలిబాట మునిసిపాలిటీది, నాది గేటు లోపలే," అనేవాడు.

"మరి నీ చూరు గొట్టం ఎవరిదయ్యా?" అనేదాన్ని.

ఆ గొట్టమే కొంప ముంచింది. చూరు నుంచి దిగే రేకు గొట్టం మోకాలెత్తున విరిగిపోయి, పగలు కరిగిన నీళ్ళన్నీ కాలిబాట మీదికే వదిలేది. సాయంత్రానికి అక్కడ అద్దం పరిచినట్టుండేది.

జనవరి ఆరున వచ్చే నీళ్ళ పండగ అయిన రెండో రోజు వెలికా ఆ అద్దం మీద కాలు పెట్టింది.

వెలికా ఇల్లు అందోన్ వరసలోనే, వీధి ఎగువన మూడో గేటు. మధ్యలో ఒకటి దేష్కా వాళ్ళది, ఇంకొకటి తాళమేసి ఉన్న ఇల్లు. వెలికా కుట్టుపని చేస్తుంది. డాన్సు బృందాలకు పూల అంచుల దుస్తులు, కొత్త సంవత్సరం రోజున మేకతోళ్ళు కట్టుకుని గంటలు మోగిస్తూ తిరిగే మగాళ్ళకు నడికట్లు, అన్నీ ఆ చేతివే. ఆ చేతే విరిగింది. కుడి మణికట్టు. ఏడు వారాలు పిండికట్టు.

నేను కళ్ళారా చూశాను. పడింది, అరవలేదు. ఎడం చేత్తో బుట్ట అందుకుని లేచింది. ముందు గొట్టాన్ని చూసింది, తర్వాత కిటికీలో కాఫీ కప్పుతో ఉన్న అందోన్‌ను చూసింది. వెళ్ళిపోయింది. మునిసిపాలిటీకి చెప్పలేదు, వీధిలో తిట్టలేదు. ఆ రోజు నుంచి అందోన్ అనే మనిషి ఈ భూమ్మీద లేనట్టే నడిచింది. బజారుకు దిగేటప్పుడు తాళమేసిన ఇంటి దగ్గర రోడ్డు దాటి మా వైపుకు వచ్చేది, మా గేటు ముందు నుంచి పోయి, అతని కంచె అయిపోయాక మళ్ళీ అవతలికి దాటేది. ఎండాకాలంలో కూడా!

"పోలీసులకు చెప్పినా బాగుండేది అక్కా," అన్నాడు అందోన్ ఒకసారి. "జరిమానా అయితే కట్టి వదిలించుకుంటాం. దీన్ని ఎక్కడ కట్టాలి?"

అతనికి అంత గుచ్చుకోవడానికి కారణముంది. జనవరి పదిహేడున అంతోన్ సాధువు పండగ, అంటే ఆ సాధువు పేరే పెట్టుకున్న మా అందోన్ పేరు పండగ. పేరు పండక్కి ఎవరినీ పిలవరు. తలుచుకున్నవాళ్ళు వస్తారు, వచ్చినవాళ్ళకు బల్ల పరిచి ఉంచాలి. ఇరవై ఏళ్ళుగా అందోన్ ఇంటికి మొదట వచ్చేది వెలికానే. వాళ్ళాయన స్తమాత్ ఉన్నప్పుడు ఇద్దరూ వచ్చేవాళ్ళు, ఆయన పోయాక ఒక్కతే వచ్చేది, గుమ్మడికాయ పెట్టి పొరలుగా కాల్చిన బనిత్స పళ్ళెం పట్టుకుని, పైన పొరలు కరకరలాడుతుంటే. అతని పండగ అలా మొదలయ్యేది.

పోయిన ఏడు రాలేదు. నేనూ మా ఆయన కోల్యో, ఇంకో నలుగురం వెళ్ళాం. అందోన్ పళ్ళసారా రకియా పోస్తాడు, గేటు వైపు చూస్తాడు. ఒక కుర్చీ ఖాళీగా ఉంచాడు, దాని ముందు ఒక పళ్ళెం. మేం తిని లేచేటప్పటికి అన్ని పళ్ళేలూ ఖాళీ అయినాయి, అది మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది.

ఈ ఏడు నవంబరులో మొదటి మంచు పడిన రోజు పొద్దున్నే నేను కిటికీ తెర తీసేసరికి అందోన్ మేకు మీంచి పార దించుతున్నాడు.

"పారకు పెన్షన్ ఆపేశారా?" అని అడిగాను.

నవ్వలేదు. కంచె చివరి నుంచి చివరిదాకా, దారం పట్టి గీసినట్టు అంచులు కోసి, కాలిబాట మొత్తం తవ్వాడు. చూరు గొట్టానికి కొత్త వంపు బిగించి నీళ్ళు పీపాలోకి దింపాడు. వీధి వీధంతా వేళాకోళం ఆడింది. జరిమానాకు భయపడ్డాడని దేష్కా తేల్చేసింది. సాయంత్రం నేను రొట్టెకు ఈస్టు అడిగే మిషతో వెళితే, అతనే అడిగాడు:

"ఈసారి వస్తదంటావా అక్కా?"

"పిలువు, వస్తది."

"పేరు పండక్కి పిలుస్తారా ఎక్కడన్నా? పిలిస్తే అది పెళ్ళవుద్ది."

"పోనీ వెళ్ళి రెండు మాటలు చెప్పు. తప్పయిందను."

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? ముప్ఫై నాలుగేళ్ళు వందలమందిని బండి ఆగకుండా కొండ దాటించినోణ్ణి. డ్యూటీ దిగిన ఏడాదికే, నా గుమ్మం ముందు, నేను చూస్తుండంగా ఒక ఆడమనిషి పడింది. నువ్వు కూడా ఏం చెప్పకు అక్కా. నీ నోటి మాట మీద వస్తే అది రావటం కాదు."

ఒట్టేయించుకున్నాడు. నా చేత! ఆ రాత్రి మా ఆయన లెక్కేసి, "రెండు రోజులు ఆగగలవు, మూడోరోజు పగిలిపోతావు" అన్నాడు.

డిసెంబరు వచ్చింది. వెలికాకు ఇంకా బరువు పట్టుకోలేని చెయ్యి. తన కాలిబాట తను ఎలా తవ్వుకుంటుందా అని నేను అనుకుంటూ ఉండగానే, ఆమె రోజూ పొద్దున లేచేసరికి గేటు ముందు శుభ్రంగా తవ్వి ఉండటం మొదలైంది. వెలికా దాన్ని పక్కింటి దేష్కా మొగుడి మంచితనం అనుకుంది. గులాబీ రేకుల జామ్ ఒక సీసా దేష్కాకు ఇచ్చింది.

"అయ్యో, ఇదంతా ఎందుకమ్మా!" అని దేష్కా సీసా పుచ్చుకుంది. "మావాడు చెయ్యలేదు" అని మాత్రం అనలేదు.

నాకు మొదటి రోజే అనుమానం. మా వీధిలో అందరం మంచు ఎటు పడితే అటు విసిరేస్తాం. వెలికా గేటు ముందు మంచు ఒకే పక్కన, ఒకే ఎత్తున, గోడ కట్టినట్టు ఉంది. కరిగిన నీరు పోవడానికి దాని కింద వేలెడు కాలవ కూడా ఉంది. రైలు పట్టా పక్కన అలా తవ్వుతారు. మా వీధిలో అలా తవ్వేవాడు ఒక్కడే.

చెప్పలేదు. ఒట్టు కదా. కానీ ఆ నెలంతా నాకు అన్నం సరిగ్గా అరగలేదు.

జనవరి మూడో తారీకు పొద్దున దేష్కా అరుపుకు నా చేతిలో పాలగిన్నె పొంగిపోయింది.

"ఓరి దేవుడో! పోశారు! ఎవరో పోశారు! వెలికా, బయటికి రాకు, కాలు పెట్టకు!"

తలకు గుడ్డ చుట్టుకుని పరుగెత్తాను. వెలికా గేటు ముందు, మంచుగడ్డ మీద, నిలువునా అడ్డంగా బూడిద పరిచి ఉంది.

అది వేరే ఏ రోజైనా ఎవరూ పట్టించుకోరు. గడ్డ మీద బూడిద వెయ్యని వాళ్ళెవరు? కానీ అవి మైల రోజులు. క్రిస్మస్ నుంచి నీళ్ళ పండగ దాకా పన్నెండు రోజులు నీళ్ళకు పవిత్రత ఉండదు, చెడ్డవన్నీ తిరుగుతుంటాయి, ఆ రోజుల్లో పొయ్యి బూడిద గుమ్మం దాటదు. అందరం డబ్బాల్లో ఎత్తి పెట్టుకుంటాం. ఆ రోజుల్లో తన బూడిద తెచ్చి ఇంకొకరి గేటు ముందు పోశారంటే, దానికి మా ఊళ్ళో ఒకటే అర్థం. చేతబడి.

వెలికా గుమ్మంలో నిలబడి ఉంది. బుద్ధిమంతురాలు, ఇలాంటివాటికి నవ్వే మనిషి. కానీ ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఉంది.

"పొద్దున్నించి ఇది గుంజుతుంది అక్కా," అంది నాతో.

"గుంజదూ మరి!" అంది దేష్కా. మూడుసార్లు ఉమ్మింది. "ఎర్రదారం కట్టు. వెల్లుల్లి పెట్టు. ఎవరో పగబట్టారే నిన్ను!"

"ఎవరై ఉంటారు?" అంది వెలికా నెమ్మదిగా.

ఈమెతో పగ ఉన్న మనిషి ఎవరని వీధిలో ఎవరిని అడిగినా ఒకే పేరు చెబుతారు. మాట మళ్ళించాలి. దేష్కా వైపు తిరిగాను.

"మీ ఆయనే కదే రోజూ ఇక్కడ తవ్వేది? ఇయ్యాల కూడా ఆయనే వచ్చుంటాడు. బూడిద కూడా ఆయనే పోశాడేమో?"

"మా ఆయనా? పో అక్కా! ఈ చలికాలం మా ఆయన పార ముట్టుకుంటే ఒట్టు! నడుం నెప్పని నా ప్రాణం తీస్తున్నాడు!"

"ఓహో. మరి గులాబీ జామో?"

దేష్కా నోరు తెరిచింది, మూసింది. వెలికా ఆమె వైపు చూసింది. ఒక్క క్షణం మణికట్టు నెప్పి మర్చిపోయి, పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

"సీసా ఖాళీ చేసి తెచ్చిస్తాలే," అని దేష్కా లోపలికి పోయింది.

వెలికా చీపురు తెచ్చేలోపు నేను వంగి ఆ బూడిదలో వేళ్ళు పెట్టాను. వీధిలో ఎవరి పొయ్యి బూడిద ఎలా ఉంటుందో నాకు తెలుసు. మాది తెల్లగా ఉంటుంది, రేగుకొమ్మలు కాలుస్తాం. దేష్కా వాళ్ళది బొగ్గు, ఎర్రగా చిట్టెం కడుతుంది. దీంట్లో నా వేలికి తగిలినవి చిన్న చిన్న నల్లటి గుండ్లు. మాడిన చెర్రీ గింజలు.

ఎండాకాలంలో మేమంతా చెర్రీ జామ్ కాచేటప్పుడు ఇల్లిల్లూ తిరిగి గింజలు అడుక్కునేది ఎవరు? "వేడి ఎంతసేపు నిలుపుతాయో తెలుసా అక్కా, బొగ్గు దండగ" అంటూ బస్తాల్లో ఎండబెట్టి పొయ్యిలో వేసుకునేది ఎవరు? ఆ మాడిన గింజల్ని గుప్పిట్లోకి ఎత్తి ఆప్రాన్ జేబులో వేసుకున్నాను. వెలికా మిగతాది ఊడ్చి గుంటలో పోసింది. నీళ్ళ పండగ దాకా గేటు దాటనంది.

నేను నేరుగా అందోన్ ఇంటికి పోయి ఆ గింజలు అతని బల్ల మీద పోశాను.

"ఇవేంది?"

చూశాడు. చెవులు ఎర్రబడినాయి. "గడ్డ ఉంది. బూడిదేశా."

"మైల రోజుల్లోనా? బుద్ధుందా నీకు? చేతబడి అనుకుంటుందయ్యా ఆమె! చెయ్యి గుంజుతుందంట!"

నిజంగానే అతనికి తట్టలేదు. మొహం చూస్తే తెలిసిపోతుంది.

"చేతబడేంది? ముప్ఫై నాలుగేళ్ళు క్రిస్మస్ రోజున కూడా బూడిదే చల్లా. రైల్వేకి మైల రోజులు లేవు అక్కా, ఆరూ నలభై బండి అన్ని రోజులూ వచ్చేది. ఒక్కరన్నా నన్ను మంత్రగాడు అన్లేదే?"

"అక్కడ ఉన్నది పట్టాలు! ఇక్కడ ఉన్నది వెలికా!"

కుర్చీలో కూలబడ్డాడు. "చెడిందంటావా?"

"నీ పేరు ఇంకా ఎవరూ అనలేదు. అనుకోకముందే బూడిద మానెయ్యి."

"మరి గడ్డ మీద ఏమెయ్యను? ఉప్పేస్తే ఆమె గులాబీ వేర్లు చస్తాయి. ఇసుకేమో వాగు కింద గడ్డకట్టుకుని ఉంది. ఉత్త గడ్డ వదిలేస్తే మళ్ళీ పడుద్ది."

నాకేం తెలుసు? వచ్చేశాను.

ఆరో తారీకున ఫాదర్ సిలువను నదిలో విసిరాడు, నీళ్ళు పవిత్రమైనాయి. వెలికా ఒక కూజాడు తెచ్చుకుని, చెడంతా పోవాలని గేటు ముందు ధారగా పోసింది. పవిత్రజలమైనా మా ఊళ్ళో సున్నా కింద పన్నెండు డిగ్రీలకు గడ్డకట్టక తప్పదు. మర్నాడు పొద్దున్నే అందోన్ మా తలుపు కొట్టాడు.

"అక్కా, ఆ గడ్డను కొట్టొచ్చా? పాపమా?"

పొయ్యి దగ్గరున్న మా ఆయన వార్తాపత్రిక దించకుండానే అన్నాడు: "టోపీ తీసి కొట్టు."

ఆ తర్వాత అందోన్ కొట్టంలో చప్పుడు మొదలైంది. ఠక్, ఠక్, ఠక్. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా. మూడు రోజులు. కిటికీ దగ్గర నిలబడి నా మెడ పట్టేసింది. కొట్టం తలుపు మూసి ఉంది. ఉల్లిపాయలు అప్పివ్వడానికి ఒకసారి, అప్పిచ్చిన ఉల్లిపాయలు తిరిగి అడగడానికి ఒకసారి వెళ్ళాను. రెండుసార్లూ గేటు దగ్గరే ఆపేశాడు.

"పని ఉందక్కా."

"ఏం పని?"

"పట్టాల పని."

ఎక్కడి పట్టాలు? ఆ మూడు రోజులు మా ఆయన నా అవస్థ చూసి చాలా సంతోషంగా గడిపాడు.

పదహారో తారీకు పగలంతా మంచు పడింది. సాయంత్రం ఆగి, చుక్కలొచ్చి, గట్టి చలి పట్టింది. పదిహేడో తారీకు తెల్లవారుజామున ఇంకా వెలుగు సరిగ్గా రాకముందే పార చప్పుడు వినిపించి లేచాను. అందోన్ తన గేటు దగ్గర మొదలుపెట్టాడు. తన కంచె అయిపోయింది. ఆగలేదు. ఎవరి పూచీ కానట్టు పడి ఉండే తాళమేసిన ఇంటి ముందు తవ్వాడు. దేష్కా ముందు తవ్వాడు. వెలికా గేటు దాకా, ఒకే వెడల్పున, అటూ ఇటూ అంచులు కోసి, రైలు దారిలాగా తవ్వుకుంటూ పోయాడు. తర్వాత కొట్టంలోంచి చక్రాల బండి మీద మూడు బస్తాలు తెచ్చాడు. పైనుంచి కిందికి, విత్తనాలు చల్లినట్టు, గుప్పిళ్ళతో చల్లుకుంటూ దిగాడు.

చెర్రీ గింజలు. కాల్చనివి. చలికాలమంతా పొయ్యికి దాచుకున్నవి. గుండ్రంగా ఉంటే కాలి కింద దొర్లి ఇంకా ప్రమాదమని, ఒక్కొక్కటీ సుత్తితో రెండుగా పగలగొట్టాడు. ఆ ఠక్ ఠక్ అది! పగిలిన అంచు గడ్డలోకి దిగి పట్టుకుంటుంది. బూడిద కాదు, ఉప్పు కాదు. పైగా దొంగచాటు పని కాదు. ఆ గింజలు ఎవరివో మా వీధిలో అందరికీ తెలుసు.

నేను కిటికీలోంచి కళ్ళు తీసేసరికి మా ఆయన బూట్లేసుకుని, పార పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు.

"ఎక్కడికి?"

"మన వాకిలి తవ్వడానికి. ఎదుటోడు తవ్వి చంపుతున్నాడుగా, సిగ్గేసింది."

"కూర్చో!"

"ఏందే?"

"పార అక్కడ పెట్టి కూర్చో. మన వైపు ఇయ్యాల తవ్వేది లేదు."

మా ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నలభై నాలుగేళ్ళుగా తవ్వలేదని తిట్టావు. ఇయ్యాల తవ్వుతానంటే తిడుతున్నావు."

"మన వైపు శుభ్రంగా ఉంటే ఆమె ఎప్పట్లా ఇటు దాటి మన ముందు నుంచే పోద్ది. ఉండకపోతే?"

మా ఆయన బూట్లు విప్పాడు. "ఒట్టేశానన్నావు, ఏమీ చెయ్యనన్నావు."

"ఏం చేశాను? ఏమీ చెయ్యకుండా కూర్చున్నాను."

వెలుగొచ్చింది. దేష్కా బయటికి వచ్చి, తన ముందు తవ్వి ఉండటం చూసి, మా వైపు చూసి గట్టిగా అంది: "రుసానా అక్కా! ఏందా వాకిలి! మోకాలిలోతు మంచు పెట్టుకుని కూర్చున్నావు, జనం నడవద్దా?"

పళ్ళు కొరుక్కున్నాను. గులాబీ జామ్ మాట గొంతుదాకా వచ్చింది, మింగాను.

పది గంటలకు వెలికా గేటు తెరుచుకుంది. అంతోన్ పండగకు ఆడవాళ్ళం చిన్న రొట్టెలు కాల్చి, తేనె రాసి, ఆరోగ్యం కోసమని ఇరుగుపొరుగుకు పంచుతాం. ఎడం చేతికి బుట్ట తగిలించుకుని బయటికి వచ్చింది. మొదటి అడుగు వేసింది. కరకర. ఆగింది. ఇంకో అడుగు. కరకర. వంగి, ఒక గింజ ఏరి, అరచేతిలో పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తల ఎత్తి ఆ దారంతా, కింద అందోన్ గేటు దాకా చూసింది.

దేష్కాకు రొట్టె ఇచ్చింది. దేష్కా ఖాళీ సీసా ఆమె చేతిలో పెట్టింది.

తాళమేసిన ఇంటి దగ్గరికి వచ్చింది. రోజూ రోడ్డు దాటే చోటు అదే. ఆగింది. మా వైపు చూసింది. మోకాలిలోతు మంచు. నేను తెర వెనక్కి తప్పుకున్నాను, మా ఆయన తప్పుకోలేదు, చెయ్యి కూడా ఊపాడు. వెలికా బుట్ట సర్దుకుంది. దాటలేదు. కరకరమంటూ కిందికి దిగింది.

అందోన్ గేటు లోపల నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది. బండి వచ్చేటప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలబడతారే, అలా బిర్రబిగుసుకుని. నేను కిటికీ రెక్క వేలెడంత తెరిచాను. చలి కొట్టినా సరే.

ఆమె సరిగ్గా తను పడ్డ చోట ఆగింది. చూరు గొట్టం చూసింది, కొత్త వంపు చూసింది, పీపా చూసింది.

"ఆ బూడిద నువ్వు పోసిందేనా?"

"నేనే."

"మూడు రోజులు చెయ్యి గుంజింది నాకు, తెలుసా?"

"బూడిదకా?"

"భయానికి!"

అందోన్ టోపీ తిప్పుకున్నాడు. "మైల రోజులని తోచలేదు వెలికా. గడ్డ ఒక్కటే కనబడింది. పోయినేడు గడ్డ కూడా కనబడలేదు. కాదు, కనబడి కూడా కూర్చున్నా. అది నా తప్పు. నా డ్యూటీ అది."

ఆమె బుట్టలోంచి తేనె రొట్టె తీసింది. అతను అందుకోబోయాడు, వెంటనే ఇవ్వలేదు.

"డిసెంబరు నుంచీ తవ్వింది కూడా నువ్వేనా?"

"ఆఁ."

"మరి నా జామ్ దేష్కా తింది!"

"పోన్లే. నాకు తీపి పడదు."

అప్పుడు నవ్వింది. ఏడాదికి పైగా ఆ మొహం ఆ గేటు ముందు నవ్వడం నేను చూడలేదు. రొట్టె అతని చేతిలో పెట్టింది.

"పొయ్యిలో బనిత్స ఉంది. పెద్ద పళ్ళెం, ఈ చేత్తో అంత బరువు మోయలేను. నువ్వు పోయి తీసుకురా. నేను లోపల కూర్చుంటా."

"పోతా," అన్నాడు. కదల్లేదు. "పోతా," అని మళ్ళీ అన్నాడు. ఆమె గేటు తీసుకుని లోపలికి వెళ్ళింది, అతను టోపీ పెట్టుకోవడం కూడా మర్చిపోయి కరకరమంటూ పైకి పరుగెత్తాడు.

ఇక ఆగేదేముంది? రకియా సీసా మా ఆయన చేతికిచ్చి, నేను సాసేజీల గిన్నె పట్టుకుని బయల్దేరాం. మా గేటు దాటగానే మా ఆయన ఒక్కసారిగా మాయమైపోయాడు. చూస్తే మంచులో వెల్లకిలా, నడుము దాకా కూరుకుపోయి, సీసా మాత్రం ఆకాశానికి ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

"పగల్లేదు!" అని అరిచాడు.

వీధి వీధంతా నవ్వింది. అందరికంటే గట్టిగా దేష్కా. బనిత్స పళ్ళెం పట్టుకుని దిగుతున్న అందోన్ ఆగి, మా వాకిలి వంక, నా వంక చూశాడు. అంత పెద్ద కళ్ళు చేసుకుని!

"అక్కా... ఇదేంది? నువ్వు తవ్వలేదా?"

"మా ఆయనకు నడుం నెప్పి," అన్నాను.

ఆ రోజు ఆ కుర్చీలో వెలికా కూర్చుంది. పోయినేడు పెట్టి తీసిన పళ్ళెమే అందోన్ ఆమె ముందు పెట్టాడు. నాకు గుర్తు, అంచు మీద చిన్న పెచ్చు లేచి ఉంటుంది. బనిత్స పైపొర కరకరలాడింది. సాయంత్రం అందరం లేచేటప్పుడు వెలికా అంది: "అందోన్, ముందు రుసానా అక్క వాకిలి తవ్వి రా. లేకపోతే కోల్యో అన్న ఇల్లు చేరడు." అతను పార అందుకున్నాడు. నేను తవ్వనిచ్చాను.

మర్నాడు వెలికా బజారుకు దిగింది, అందోన్ కంచె వైపు నుంచే. నన్ను కిటికీలో చూసి ఆగింది.

"నీ వాకిలి ఎందుకు తవ్వలేదో నాకు తెలుసులే అక్కా."

"మా ఆయనకు నడుం నెప్పమ్మా, చెప్పాగా."

"ఆఁ ఆఁ," అంది. "దేష్కా మొగుడికి కూడా అదేగా."